ప్రోస్టేట్ గ్రంథిలో ప్రొటీనులను కోసే ఎంజైములు: పేరు, పని, రక్తపరీక్షలోని అంకె

వ్యాససంగ్రహం: ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించి నేడు అత్యధికంగా జరిగే రక్తపరీక్ష పి.ఎస్.ఏ. ఈ పరీక్షలో కొలిచే పదార్థం క్యాన్సర్ నుండి పుట్టినది కాదు. ఆరోగ్యవంతుడైన ప్రతి పురుషునిలోనూ ప్రొటీనులను కోసే ఒక ఎంజైము అది. ఆ ఎంజైము గ్రంథిలో ఎలా తయారవుతుంది, ఎలా అదుపులో ఉంటుంది, ఏ పని చేస్తుంది, రక్తంలోకి ఎలా చేరుతుంది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. అదే గ్రంథిలోని మరికొన్ని కోత ఎంజైములను, వాటిలో ఒకదానికి యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనతో ఉన్న రసాయనిక బంధాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రోస్టేట్ గ్రంథి, పి.ఎస్.ఏ., ఎంజైము, జలవిశ్లేషణ, సెమినోజెలిన్, ఫోలిక్ ఆమ్లం, యల్లాప్రగడ సుబ్బారావు

1. ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లా పగిడ్యాల మండలంలో అరవై ఏళ్లు దాటిన రైతు రాత్రివేళ నాలుగైదుసార్లు మూత్రానికి లేవవలసి వచ్చినప్పుడు నందికొట్కూరులోనో కర్నూలులోనో వైద్యుని దగ్గరకు వెళ్తాడు. అక్కడ చేసే పరీక్షలలో రక్తపరీక్ష ఒకటి ఉంటుంది. చేతికి వచ్చిన కాగితం మీద పి.ఎస్.ఏ. అన్న మూడక్షరాలు, వాటి పక్కన 6.2 వంటి ఒక అంకె, ఆ పక్కన 0 నుండి 4 వరకు ఉండవచ్చునన్న సూచన కనిపిస్తాయి. అంకె హద్దు దాటిందని తెలిపే గుర్తు కూడా ఉంటుంది. ఆ పదార్థం ఏమిటో, శరీరంలో దాని పని ఏమిటో కాగితం చెప్పదు. చదివినవారు దానిని క్యాన్సర్‌కు కొలతగా భావిస్తారు. ఇంట్లో భయం మొదలవుతుంది. అంకె 4 లోపల ఉన్నవారు మరేమీ ఆలోచించకుండా నిశ్చింతగా ఉంటారు. ఈ రెండు భావనలకూ మూలం ఒకటే. కొలుస్తున్నది దేనినో తెలియకపోవడమే ఆ మూలం.

ఇందులో పేరు చేసిన అపకారం కూడా కొంత ఉంది. పి.ఎస్.ఏ. అంటే 'ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్'. తెలుగు పాఠ్యపుస్తకాల పరిభాషలో యాంటిజెన్ అంటే 'ప్రతిజనకం'. ఆ లెక్కన దీనిని 'ప్రోస్టేట్ విశిష్ట ప్రతిజనకం' అనవచ్చు. అనువాదంగా ఇందులో తప్పు లేదు. వివరణగా మాత్రం దీనివల్ల ప్రయోజనం లేదు. ప్రతిజనకం అంటే ప్రతిదేహాలు గుర్తుపట్టగలిగిన పదార్థం అని మాత్రమే అర్థం. ఈ ప్రొటీనును తొలుత వెతికినవారు ప్రతిదేహాల సాయంతో వెతికారు కనుక ఆ పేరు స్థిరపడింది. దొరికిన పద్ధతిని బట్టి పెట్టిన పేరే తప్ప చేసే పనిని బట్టి పెట్టిన పేరు కాదు. 1971లో జపానులో హారా బృందం దీనినే వీర్యంలో గుర్తించి 'గామా సెమినోప్రొటీన్' అని పిలిచింది. న్యాయవైద్యంలో వీర్యపు మరకలను గుర్తించడం వారి ఉద్దేశం. 1979లో అమెరికాలోని బఫెలో నగరంలో రాస్‌వెల్ పార్క్ సంస్థ పరిశోధకులు ప్రోస్టేట్ కణజాలం నుండి ఈ ప్రొటీనును శుద్ధి చేసి, యాంటిజెన్ అన్న పేరుతో ప్రకటించారు. ఆ రెండూ ఒకటేనని తరువాత తేలింది. జన్యుశాస్త్రం దీనికి ఇచ్చిన పేరు 'కల్లిక్రీన్ సంబంధిత పెప్టిడేజ్ 3'. పలకడానికి కష్టమైనా పని తెలిపే పేరు ఇదే. పెప్టిడేజ్ అంటే పెప్టైడ్ బంధాన్ని కోసే ఎంజైము.

2. కోయడం అంటే ఏమిటి?

ప్రొటీను అమైనో ఆమ్లాలను వరుసగా గుచ్చిన దండ వంటిది. రెండు అమైనో ఆమ్లాల మధ్యనున్న ముడిని పెప్టైడ్ బంధం అంటారు. ఈ బంధం చాలా గట్టిది. శరీర ఉష్ణోగ్రత వద్ద నీటిలో ఊరికే వదిలేస్తే అది తనంతట తాను విడిపోవడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. కోత ఎంజైము సమక్షంలో అదే బంధం సెకనులో చిన్న భాగంలో విడిపోతుంది. ఈ ఎంజైములను 'ప్రొటీను కత్తెరలు' అని వర్ణించడం వాడుకలో ఉంది. పోలిక సులభంగా అర్థమవుతుంది కాని ఒక విషయాన్ని మరుగుపరుస్తుంది. కత్తెర బలంతో కోస్తుంది. ఎంజైము నీటితో కోస్తుంది. బంధం తెగిన చోట ఒక నీటి అణువు రెండుగా విడి, ఒక భాగం ఇటు కొసకు, మరొక భాగం అటు కొసకు చేరుతుంది. ఇంటర్మీడియట్ పుస్తకాలలో జలవిశ్లేషణ అని చదువుకునే చర్య ఇదే.

పి.ఎస్.ఏ. సెరీన్ ప్రొటియేజులు అనే పెద్ద కుటుంబానికి చెందినది. ఆహారాన్ని జీర్ణం చేసే ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ కూడా ఆ కుటుంబంలోనివే. ఈ ఎంజైముల నడుమ ఒక లోయ వంటి చోటు ఉంటుంది. దానిని క్రియాస్థానం అంటారు. అక్కడ సెరీన్, హిస్టిడిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి చేయందించుకున్నట్లు నిలుస్తాయి. హిస్టిడిన్ సెరీన్ నుండి ఒక ప్రోటాన్‌ను లాగుతుంది. దానితో చురుకుదేలిన సెరీన్ ఎదుటి ప్రొటీను బంధం మీద దాడి చేస్తుంది. బంధం తెగి, ప్రొటీనులో సగం వెళ్లిపోతుంది. మిగిలిన సగం కొద్దిసేపు సెరీన్‌కే అతుక్కొని ఉంటుంది. అప్పుడు నీటి అణువు వచ్చి దానిని విడిపిస్తుంది. ఎంజైము మళ్లీ మొదటి స్థితికి వచ్చి తరువాతి ప్రొటీను కోసం సిద్ధమవుతుంది. 'కొద్దిసేపు అతుక్కొని ఉండడం' అన్న ఈ నడిమి దశ చాలా ముఖ్యమైనది. రక్తంలో పి.ఎస్.ఏ.కు ఎదురయ్యే దశాపరిణామం అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఏ బంధాన్ని కోయాలన్నది క్రియాస్థానం పక్కనున్న చిన్న జేబు వంటి భాగం నిర్ణయిస్తుంది. ట్రిప్సిన్ ఆర్జినిన్, లైసిన్‌ల తరువాత కోస్తుంది. కైమోట్రిప్సిన్ వలె పి.ఎస్.ఏ. ప్రధానంగా టైరోసిన్, ల్యూసిన్ వంటి వాటి తరువాత కోస్తుంది. అయితే కైమోట్రిప్సిన్‌కున్న ఆవురావురు తిండిపోతు లక్షణం దీనికి లేదు. ఎదురైన ప్రతి ప్రొటీనునూ ఇది ముట్టదు.

3. గ్రంథిలో తయారీ, అదుపు

ప్రోస్టేట్ గ్రంథికి తెలుగులో పౌరుషగ్రంథి అన్న పేరు కూడా ఉంది. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకొని, యవ్వనంలో పెద్ద ఉసిరికాయంత ఉండే ఈ గ్రంథి లోపల సన్నని నాళాలు కొమ్మలుగా విస్తరించి ఉంటాయి. నాళాల లోపలి అంచున ఉండే కణాలు ద్రవాన్ని స్రవిస్తాయి. పురుష హార్మోను ఆ కణాలలోని గ్రాహకానికి చేరినప్పుడు పి.ఎస్.ఏ. జన్యువు మేల్కొంటుంది. హార్మోను తగ్గితే పి.ఎస్.ఏ. తయారీ కూడా తగ్గుతుంది.

తనను తయారుచేసిన కణాన్నే కోసివేయగల పదార్థాన్ని కణం ఎలా తయారుచేస్తుంది? జీర్ణాశయం అనుసరించే ఉపాయాన్నే ప్రోస్టేట్ గ్రంథి కూడా అనుసరిస్తుంది. క్లోమం ట్రిప్సిన్‌ను ట్రిప్సినోజెన్ అనే నిష్క్రియ రూపంలో పంపుతుందని, పేగులోకి వచ్చాక ఎంటిరోకైనేజ్ దానిని చురుకైన రూపంలోకి మారుస్తుందని జంతుశాస్త్ర పాఠాలు చెబుతాయి. పి.ఎస్.ఏ. కూడా అలాగే ఒరలో ఉంచిన కత్తిలా బయటికి వస్తుంది. తొలుత 261 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారవుతుంది. కణం నుండి వెలుపలికి దారి చూపే 17 అమైనో ఆమ్లాల సంకేతభాగం ముందు తెగిపోతుంది. తరువాత మొదట్లో మరో 7 అమైనో ఆమ్లాల ముక్క మిగులుతుంది. ఆ ఏడూ ఉన్నంతసేపు క్రియాస్థానం సరిగా రూపుదిద్దుకోదు. నాళంలోకి వచ్చాక ఆ కుటుంబానికే చెందిన మరొక ఎంజైము, కల్లిక్రీన్ 2, ఆ ముక్కను ఆర్జినిన్ తరువాత కోసి తొలగిస్తుంది. మిగిలిన 237 అమైనో ఆమ్లాల గొలుసే చురుకైన పి.ఎస్.ఏ. ఒక కోత ఎంజైమును మరొక కోత ఎంజైము మేల్కొలపడం శరీరంలో అరుదైన విషయం కాదు. రక్తం గడ్డకట్టేటప్పుడు జరిగేదీ ఇటువంటి వరుస చర్యే.

చురుకైనంత మాత్రాన వెంటనే కోత మొదలుకాదు. ఇక్కడ రెండవ తాళం ఉంది. అది జింకు. ప్రోస్టేట్ కణాలు శరీరంలోని ఇతర మెత్తని కణజాలాలకంటే ఎన్నోరెట్లు ఎక్కువ జింకును పోగుచేసుకుంటాయి. ఆ జింకు కణం లోపల సిట్రేటును ఖర్చుచేసే ఎంజైమును అడ్డుకుంటుంది. అందువల్ల ప్రోస్టేట్ ద్రవంలో జింకుతోపాటు సిట్రేటు కూడా విస్తారంగా ఉంటుంది. అదే జింకు పి.ఎస్.ఏ.కు అంటుకొని దాని కోతశక్తిని నిలిపి ఉంచుతుంది. అందువల్ల నాళాలలో ఎంత పి.ఎస్.ఏ. నిల్వ ఉన్నా గ్రంథికి హాని జరగదు.

ఆ తాళం విడిపోయేది వీర్యస్ఖలన సమయంలోనే. శుక్రాశయాల నుండి సెమినోజెలిన్ 1, సెమినోజెలిన్ 2 అనే ప్రొటీనులు వచ్చి కలుస్తాయి. ఇవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని వీర్యాన్ని క్షణాలలో జిగురుముద్దగా మారుస్తాయి. శుక్రకణాలు ఆ వలలో చిక్కుకొని కదలలేక ఆగిపోతాయి. అయితే సెమినోజెలిన్‌కు జింకు మీద మక్కువ ఎక్కువ. అది ప్రోస్టేట్ ద్రవంలోని జింకును తన వైపు లాక్కుంటుంది. జింకు విడిపోగానే పి.ఎస్.ఏ. పని మొదలుపెట్టి, తనను విడిపించిన సెమినోజెలిన్‌నే ముక్కలు చేస్తుంది. చిక్కుకున్న వల కరిగి శుక్రకణాలు ఈదడం మొదలవుతుంది. పి.ఎస్.ఏ. చేసే ఈ పనిని 1985లో స్వీడన్ పరిశోధకుడు హాన్స్ లిల్యా వివరించాడు. అదుపు చేసే పదార్థాన్ని అధఃస్తరమే తొలగించుకొనిపోయి తన నాశనాన్ని తానే తెచ్చుకునే ఈ ఏర్పాటు జీవరసాయనశాస్త్రంలో చెప్పుకోదగిన పొదుపరితనం. గడియారం లేదు, ఆజ్ఞ లేదు. రెండు ద్రవాలు కలవడమే సమయసూచన.

సంతానసాఫల్య కేంద్రాలలో వీర్యపరీక్షకు నమూనా ఇచ్చిన వెంటనే సూక్ష్మదర్శిని కింద పెట్టకుండా అరగంటసేపు ఆగడానికి కారణం ఇదే. గంట దాటినా ముద్ద కరగకపోతే దానిని లోపంగా నమోదు చేస్తారు. ఆ కరగడం వెనుక ఉన్నది, మరొక కాగితం మీద భయపెట్టే అంకెగా కనిపించే పి.ఎస్.ఏ.నే.

4. గట్టు దాటిన ఎంజైము

వీర్యంలో పి.ఎస్.ఏ. మిల్లీలీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో ఉంటుంది. రక్తంలో మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాములు మాత్రమే ఉంటుంది. అంటే రెండింటి మధ్య దాదాపు పదిలక్షల రెట్ల వ్యత్యాసం. ఈ ఎంజైము వెళ్లవలసింది నాళంలోకే కాని రక్తంలోకి కాదు. రక్తంలో కనిపించేదంతా దారితప్పి వచ్చినదే.

పగిడ్యాల మండలంలోని ముచ్చుమర్రి దగ్గర శ్రీశైలం జలాశయపు వెనుకనీటిని ఎత్తి కె.సి. కాలువకు అందించే పథకం ఉంది. కాలువ పారే ప్రాంతపు రైతులకు జాలు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. గట్టు ఎంత గట్టిగా ఉన్నా పక్కచేనులోకి కొద్దిగా నీరు ఊరుతుంది. రక్తంలోని పి.ఎస్.ఏ. అటువంటి ఊట. ప్రోస్టేట్ నాళానికి గట్టుగా ఉండేవి రెండు. స్రవించే కణాల వెనుక ఉండే ఆధారకణాల వరుస ఒకటి. దాని వెనుక ఉండే ఆధారత్వచం అనే పలుచని పొర రెండవది. వాటిని దాటి, చుట్టూ ఉన్న కణజాలంలోంచి రక్తకేశనాళికలోకి చేరిన కొద్ది ఎంజైమునే ప్రయోగశాల కొలుస్తుంది.

చేనులో తడి పెరగడానికి కారణాలు అనేకం. కాలువ పొడవు పెరిగి ఉండవచ్చు. గట్టు చెక్కుచెదరకపోయినా పొడవు పెరిగినకొద్దీ మొత్తం ఊట పెరుగుతుంది. వయసుతో వచ్చే ప్రోస్టేట్ వాపులో జరిగేది ఇదే. ఈ వాపు క్యాన్సర్ కాదు. గట్టు నాని మెత్తబడి ఉండవచ్చు. మూత్రమార్గంలో సూక్ష్మజీవుల సోకుడు, మూత్రం బిగిసిపోవడం, గొట్టం వేయడం వంటి సందర్భాలు ఈ కోవలోకి వస్తాయి. ఇటువంటి సమయంలో పి.ఎస్.ఏ. ఎన్నోరెట్లు పెరిగి, సోకుడు తగ్గిన కొన్ని వారాలకు మళ్లీ దిగుతుంది. గట్టుకు గండి పడి ఉండవచ్చు. క్యాన్సర్‌లో ఆధారకణాల వరుస అంతరించి, నాళాల నిర్మాణం చెదిరిపోతుంది. కణాలు ఎంజైమును నాళంలోకి కాక చుట్టుపక్కలకు వదులుతాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. క్యాన్సర్ కణం ఒక్కొక్కటి సాధారణ కణం కంటే ఎక్కువ పి.ఎస్.ఏ.ను తయారుచేయదు. చాలావరకు తక్కువే చేస్తుంది. పెరిగేది తయారీ కాదు, కారడం.

చేనులోని తడిని మాత్రమే చూసి ఈ మూడింటిలో ఏది జరిగిందో చెప్పలేనట్లే, ఒక్క అంకెను చూసి క్యాన్సర్ ఉన్నదని గాని, లేదని గాని నిర్ధారించలేరు. పి.ఎస్.ఏ. 4 నుండి 10 మధ్య ఉండి, గ్రంథి నుండి ముక్క తీసి పరీక్షించినవారిలో సుమారు నాలుగింట ఒకవంతు మందిలో మాత్రమే క్యాన్సర్ కనిపిస్తుంది. మరోవైపు 2004లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో అంకె 4 లేదా అంతకంటే తక్కువ ఉన్నవారికి కూడా ముక్కపరీక్ష చేశారు. వారిలో దాదాపు 15 శాతం మందిలో క్యాన్సర్ కనిపించింది. 4 అన్న హద్దు ప్రకృతి గీసినది కాదని ఈ రెండు లెక్కలు చెబుతున్నాయి.

5. రక్తంలో బోనులో పడిన ఎంజైము

ప్రొటీనులను కోసే పదార్థం రక్తంలో స్వేచ్ఛగా తిరిగితే రక్తంలోని ప్రొటీనులకు ముప్పు. అందుకే రక్తంలో నిరోధకాలు సిద్ధంగా ఉంటాయి. వాటిలో ఆల్ఫా 1 యాంటీకైమోట్రిప్సిన్ అనేది పి.ఎస్.ఏ.ను పట్టుకునే ముఖ్యమైన నిరోధకం. దీని పనితీరు ఎలుకలబోనును తలపిస్తుంది. నిరోధకం మీద ఎర వలె ఒక తీగ బయటికి చాచి ఉంటుంది. పి.ఎస్.ఏ. దానిని మామూలు ప్రొటీను అనుకొని కోస్తుంది. కోత సగం పూర్తయి, తెగిన కొస సెరీన్‌కు అతుక్కొని ఉన్న ఆ నడిమి దశలోనే బోను మూసుకుంటుంది. నిరోధకం ఒక్కసారిగా ఆకారం మార్చుకొని, ఎంజైమును తనతోపాటు అవతలి కొసకు ఈడ్చుకెళ్లి, క్రియాస్థానాన్ని వంచివేస్తుంది. నీటి అణువు వచ్చి విడిపించే అవకాశం ఇక ఉండదు. కత్తి కోసిన దానికే కత్తి అతుక్కుపోతుంది.

రక్తంలోని పి.ఎస్.ఏ.లో అధికభాగం ఇలా బంధితమై ఉంటుంది. మిగిలిన కొద్దిభాగం స్వేచ్ఛగా ఉంటుంది. స్వేచ్ఛగా ఉన్నది చురుకుగా ఉన్నందువల్ల స్వేచ్ఛగా లేదు. కోసే శక్తి లేనందువల్ల బోనులో పడలేదు. ఎర తీగను కోయలేనిదానికి బోను మూసుకోదు. ఈ తర్కం నుండే 'ఫ్రీ పి.ఎస్.ఏ.' పరీక్ష పుట్టింది. వాపు వచ్చిన గ్రంథి నాళాలలో ద్రవం నిల్వ ఉండి, పి.ఎస్.ఏ. తనంతట తానే గాట్లుపడి చురుకు కోల్పోతుంది. అది రక్తంలోకి ఊరినా నిరోధకానికి చిక్కదు. క్యాన్సర్‌లో నాళాన్ని తప్పించుకొని సూటిగా రక్తంలోకి చేరేది చురుకైన పి.ఎస్.ఏ. కనుక అది వెంటనే బంధితమవుతుంది. అందువల్ల మొత్తంలో స్వేచ్ఛారూపపు వంతు తగ్గినకొద్దీ క్యాన్సర్ అనుమానం పెరుగుతుంది. మొత్తం అంకె 4 నుండి 10 మధ్య ఉన్నప్పుడు స్వేచ్ఛారూపం 25 శాతానికి మించితే అనుమానం తక్కువ, 10 శాతానికి దిగితే ఎక్కువ. ఒక ఎంజైము పనిచేసే తీరు తెలియకుండా ఈ పరీక్షను కనిపెట్టడం సాధ్యమయ్యేది కాదు.

6. అంకెను చదివేటప్పుడు

పి.ఎస్.ఏ. రక్తంలో రెండు మూడు రోజులకు సగానికి తగ్గుతుంది. క్యాన్సర్ కారణంగా గ్రంథిని పూర్తిగా తొలగించినవారిలో కొన్ని వారాలకు ఇది దాదాపు కనిపించకుండా పోవాలి. ఆ తరువాత మళ్లీ కనిపిస్తే దానిని తయారుచేసే కణాలు ఎక్కడో మిగిలి ఉన్నాయని అర్థం. నిజానికి ఈ పరీక్ష తిరుగులేకుండా రాణించేది ఇక్కడే. అమెరికాలో 1986లో దీనికి లభించిన తొలి ఆమోదం కూడా చికిత్స పొందినవారిని కనిపెట్టి ఉండడానికే. వ్యాధిని ముందుగా గుర్తించడంలో తోడ్పడే పరీక్షగా ఆమోదం 1994లో వచ్చింది. వివాదం అక్కడ నుండే పెరిగింది. ఈ పదార్థంపై తొలినాళ్లలో పనిచేసిన రిచర్డ్ అబ్లిన్ స్వయంగా 2010లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఈ పరీక్షను అందరికీ చేయడాన్ని తీవ్రంగా విమర్శించాడు. 2009లో వెలువడిన ఐరోపా అధ్యయనం ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు ఐదింట ఒకవంతు తగ్గాయని చూపింది. అయితే ఒక్క మరణాన్ని తప్పించడానికి 1410 మందిని పరీక్షించి, అదనంగా 48 మందికి చికిత్స చేయవలసివచ్చిందని కూడా అదే అధ్యయనం లెక్కకట్టింది. రెండు లెక్కలూ నిజమే కనుక ఈ వాదం త్వరగా తెగేది కాదు. భారతదేశంలో ప్రభుత్వం జనాభా స్థాయిలో నిర్వహించే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సర్‌లకు సంబంధించినవి. ప్రోస్టేట్ అందులో లేదు. అందువల్ల గ్రామీణులకు ఈ అంకె ఎక్కువగా మూత్ర ఇబ్బందితో వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడే ఎదురవుతుంది. అంటే అంకె పెరగడానికి వాపు, సోకుడు వంటి ఇతర కారణాలు ఉండే అవకాశం ఎక్కువైన సమయంలోనే.

ఒక విషయాన్ని మాత్రం విడిగా చెప్పవలసి ఉంది. ప్రోస్టేట్ వాపుకు వాడే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ అనే మందులు పురుష హార్మోను మరింత శక్తిమంతమైన రూపంలోకి మారడాన్ని అడ్డుకుంటాయి. ఆ హార్మోను ఆజ్ఞతోనే పి.ఎస్.ఏ. తయారవుతుంది కనుక ఆరునెలల నుండి ఏడాది వాడకంలో రక్తంలోని అంకె సుమారు సగానికి పడిపోతుంది. అటువంటి వ్యక్తికి 3 అని వస్తే దానిని 6 వలె చదవాలి. కాగితం మీద మాత్రం హద్దు దాటినట్లు ఏ గుర్తూ ఉండదు. మాత్రల పేరు వైద్యునికి చెప్పకపోతే, కొత్త వైద్యుని దగ్గరకు పాత చీటీ తీసుకుపోకపోతే ఈ అంకె మోసం చేస్తుంది. చీటీల మీద మందు కంపెనీ పెట్టిన పేరే ప్రముఖంగా ఉంటుంది కాబట్టి అందులోని మందు ఏదో రోగికి తెలియకపోవడం సర్వసాధారణం. భయపెట్టే హెచ్చు అంకె కంటే ఊరడించే తక్కువ అంకె ఇక్కడ ఎక్కువ ప్రమాదకరం.

7. పొరలో నిలిచిన కోత ఎంజైములు

పి.ఎస్.ఏ. ద్రవంలో తేలియాడే ఎంజైము. ప్రోస్టేట్ కణాల పైపొరలో పాతుకొని నిలిచే కోత ఎంజైములు కూడా ఉన్నాయి. హెప్సిన్ వాటిలో ఒకటి. తొలుత కాలేయకణాలలో దొరికినందువల్ల గ్రీకు భాషలో కాలేయవాచకాన్ని బట్టి దానికి ఆ పేరు వచ్చింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఇది బాగా పెరుగుతుంది. ఎలుకలలో 2004లో జరిగిన ప్రయోగాలలో ప్రోస్టేట్ కణాలలో హెప్సిన్‌ను పెంచితే ఆధారత్వచం చెదిరి, క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకింది. పై పోలికలో చెప్పాలంటే గట్టును తవ్వేది పి.ఎస్.ఏ. కాదు, ఇటువంటివే.

టి.ఎం.పి.ఆర్.ఎస్.ఎస్. 2 అనే మరొకటి కరోనా కాలంలో వార్తలకెక్కింది. ఊపిరితిత్తుల కణాల మీద ఉన్న ఈ ఎంజైము వైరస్ ముల్లు ప్రొటీనును కోసి అది లోపలికి చొరబడడానికి దారి చేస్తుంది. ప్రోస్టేట్‌లో దీని కథ వేరు. 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయంలోని అరుల్ చిన్నయ్యన్ బృందం చాలా ప్రోస్టేట్ క్యాన్సర్‌లలో ఈ ఎంజైము జన్యువులోని మొదటి భాగం తెగి, కణవృద్ధికి తోడ్పడే వేరే జన్యువుకు అతుక్కుంటుందని కనిపెట్టింది. ఆ మొదటి భాగం హార్మోను ఆజ్ఞను అందుకునే భాగం. కోసే భాగం వెనుకనే మిగిలిపోతుంది. హార్మోను పిలుపుకు పలకవలసింది ఎంజైము కాగా, ఇప్పుడు క్యాన్సర్‌ను పెంచే జన్యువు పలుకుతుంది.

8. ఫోలిక్ ఆమ్లపు తోకను కోసేది

పి.ఎస్.ఎం.ఏ. అన్న పేరు పి.ఎస్.ఏ.కు తోబుట్టువులా వినిపిస్తుంది. రెండింటికీ చుట్టరికం లేదు. మధ్యలోని 'ఎం' మెంబ్రేన్ అన్న మాటకు గుర్తు. ఇది కణపు పొరలో నిలిచి, క్రియాస్థానాన్ని వెలుపలి వైపుకు తిప్పి ఉంచే ఎంజైము. దీనికి సెరీన్ లేదు. రెండు జింకు పరమాణువులు నీటి అణువును చురుకుగా మార్చి కోత కోస్తాయి. పి.ఎస్.ఏ.ను నిలిపివేసే జింకే ఇక్కడ కోతకు ఆధారం కావడం గమనించదగినది. గొలుసు నడుమ కాక చివరనున్న గ్లుటామిక్ ఆమ్లాన్ని మాత్రమే ఇది ఒలిచివేస్తుంది. జన్యుశాస్త్రంలో దీని అసలు పేరు ఫోలేట్ హైడ్రోలేజ్ 1.

ఆ పేరు దగ్గర తెలుగువారి చరిత్ర ఒకటి కలుస్తుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ దగ్గర లెడర్లీ ప్రయోగశాలల పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆ కృషిలో వారు గుర్తించిన విషయాలలో ఫోలిక్ ఆమ్లానికి గల తోక ఒకటి. కొన్ని సహజరూపాలలో ఒక గ్లుటామిక్ ఆమ్లానికి బదులు మూడు వరుసగా ఉంటాయి. పైగా వాటిని కలిపే బంధం ప్రొటీనులలో కనిపించే మామూలు పెప్టైడ్ బంధం వంటిది కాదు. అది పక్కకొమ్మ నుండి కలిసే గామా బంధం. మూడు గ్లుటామిక్ ఆమ్లాల రూపాన్ని లెడర్లీ సంస్థ 'టెరోప్టెరిన్' పేరుతో వైద్యులకు అందించింది. అదే పరంపరలో వచ్చిన అమైనోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగాడు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. ఆగస్టులో సుబ్బారావు మరణించాడు.

ఆకుకూరలలోని ఫోలేటులో అధికభాగం ఇలా తోకలతోనే ఉంటుంది. తోక ఉన్నంతసేపు పేగు దానిని పీల్చుకోలేదు. చిన్నపేగు గోడమీద ఉండి ఆ గామా బంధాలను ఒక్కొక్కటిగా కోసి, పీల్చుకోదగిన రూపంలోకి తెచ్చేది ఈ ఫోలేట్ హైడ్రోలేజే. గోంగూర పప్పు తిన్న ప్రతివారి పేగులోనూ పని చేసే ఎంజైము ప్రోస్టేట్ పేరు మోయడం మరొక నామవైచిత్రి. ప్రోస్టేట్‌లోనూ ఇది ఉంటుంది. క్యాన్సర్ ముదిరినకొద్దీ చాలామందిలో ఎన్నోరెట్లు పెరుగుతుంది. అందుకే వైద్యులు దీనిని గురిగా ఎంచుకున్నారు.

గురిపెట్టడానికి వాడిన ఉపాయం ఎంజైము తీరు నుండే వచ్చింది. గ్లుటామిక్ ఆమ్లం ఒక కొసన ఉండేట్లు, అయితే తరువాతి బంధం కోతకు లొంగని యూరియా బంధం అయ్యేట్లు రసాయనికులు ఒక చిన్న అణువును నిర్మించారు. ఎంజైము దానిని తన ఆహారమని నమ్మి క్రియాస్థానంలోకి తీసుకుంటుంది. కోయలేక, వదలలేక పట్టుకొనే ఉంటుంది. ఆ అణువు మరో కొసకు రేడియోధార్మిక గాలియం తగిలిస్తే స్కానింగ్‌లో క్యాన్సర్ ఉన్న చోటు వెలుగుతుంది. అమెరికాలో దీనికి 2020 డిసెంబరులో ఆమోదం లభించింది. గాలియంకు బదులు లుటీషియం తగిలిస్తే వెలువడే కిరణాలు ఆ కణాన్నీ దాని ఇరుగుపొరుగునూ చంపుతాయి. లుటీషియం పి.ఎస్.ఎం.ఏ. 617కు 2022 మార్చిలో అక్కడ ఆమోదం వచ్చింది. ఇతర చికిత్సలకు లొంగకుండా ఎముకలకు, ఇతర భాగాలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు దీనిని వాడుతున్నారు. ఈ మందు లాలాజల గ్రంథులలో కూడా చేరుతుంది. అందువల్ల దీనిని తీసుకున్నవారిలో చాలామందికి నోరు ఎండిపోతుంది.